పెరటిచెట్టు విచారణ

ఇంటి ప్రక్కన పచ్చగా నిలిచియున్న చెట్టును కొట్టింపవలెనా, ఉంచవలెనా యను ప్రశ్న చూచుటకు చిన్నది. పెండ్లి, చదువు, ఆస్తి పంపకము మొదలగు విషయములలో పదిమందిని సంప్రదించి పదిదినములు యోచించు గృహస్థుడు ఈ విషయమున మాత్రము ఉదయమున నిశ్చయించి మధ్యాహ్నమునకు గొడ్డలిని పిలిపించును. నలువది ఏండ్లు పెరిగినది నాలుగు గంటలలో నేలగూలును. ఆ నిశ్చయము ఏ కారణములపై నిలిచినదో, ఆ కారణములు పరీక్షకు నిలుచునో నిలువవో చూచుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని. చెట్లను పొగడుటకు మేము పూనుకొనలేదు. పొగడ్తలు మన సాహిత్యమున కావలసినన్ని కలవు. అవి గొడ్డలిని ఆపినట్లు కానరాదు. విమర్శ యేమైన ఆపగలదేమో చూతము.

విచారణకు స్థలముగా ఇందూరను పూర్వనామము గల నిజామాబాదు పట్టణమును, దానికి పడమటనున్న బోధను చెఱకుసీమను గైకొనుచున్నాము. మంజీరానదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరపు కాలువలు ఈ నేలలో పెద్దభాగమును మాగాణిగా మార్చినవి. ఆ నీటిని నమ్ముకొని 1937లో బోధను శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము వెలసినది. చెఱకునకును వరికిని నీడ గిట్టదు. కావున పొలము గట్టున పెద్దచెట్టు నిలుచుట అరుదు. బాటను వెడల్పు చేసిన ప్రతిసారియు మొదట పోవునది బాటప్రక్క చెట్టు. ఇట్టి సీమలో చెట్టునకు మిగిలిన చోట్లు ఇంటి పెరడు, వాకిలి, బడి, గుడి. వేసవిలో ఎండ 45 డిగ్రీలను దాటు ఈ పట్టణములలో పెరటి వేప యొక్కటి పోయినచో ఆ నష్టము ఒక్క యింటిది కాదు; ఆ వీథి యంతటిది.

చెట్టుపై మోపబడు నేరములు సాధారణముగా నాలుగు. గోడలు బీటలువారుచున్నవి యనునది మొదటిది. గాలివానకు ఇంటిపై పడునను భయము రెండవది. వాస్తునకు విరుద్ధమనునది మూడవది. ఆకులు రాలి చెత్త యగుచున్నది, చోటు చాలదు అనునది నాలుగవది. ఒక్కొక్కదానిని వేఱువేఱుగా పరిశీలింతము. నిందితుడు మాటలాడలేనివాడైనపుడు న్యాయాధిపతి మఱింత జాగరూకుడై యుండుట న్యాయము.

మొదటి నేరమును నేలనుండి ప్రారంభింపవలెను. నల్లరేగడి యనగానేమో ఈ సీమవారికి చెప్పనక్కఱలేదు. వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. ఆ నేలలోని బంకమట్టి రేణువులు నీటిని తమ పొరల నడుమ ఇముడ్చుకొని మరల విడుచుటయే దీనికి కారణము. లోతులేని పునాదిపై కట్టిన ఇల్లు ఆ నేలతోపాటు ఏటేట లేచుచు దిగుచు నుండును. చుట్టుప్రక్కల చెట్టన్నది లేని ఇండ్లును రేగడిపై బీటలువారుట చూచుచునే యున్నాము. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థవారు ఇట్టి నేలల కొఱకు అడుగున ఉబ్బెత్తు గల స్తంభపు పునాదులను రూపొందించినది చెట్లకు భయపడి కాదు, నేల స్వభావము నెఱిగి. కావున గోడ బీటవారినది, ప్రక్కన చెట్టున్నది, అందుచే చెట్టే కారణమనుట తర్కము కానేరదు.

అట్లని చెట్టు నిర్దోషియని మేము ముందుగనే తీర్పు చెప్పము. పెద్దచెట్టు వేసవిలో నేలలోని తడిని పీల్చును. అప్పుడు ఆ ప్రక్క నేల ఇతర భాగములకంటె ఎక్కువగా కుంచించుకొనును. ఆ మూల పునాది క్రుంగవచ్చును. 1976లో ఇంగ్లండున గొప్ప అనావృష్టి కలిగినపుడు బంకనేలలపై గట్టిన ఇండ్లనేకములు క్రుంగి బీటలువారెను. చెట్ల వేళ్లు తడిని లాగుట అందొక కారణమని పరీక్షలలో తేలినది. క్యూ ఉద్యానవనపు శాస్త్రజ్ఞులు ఏ జాతిచెట్టు ఎంత దూరమునుండి ఇండ్లకు హాని చేసినదో విచారించి 1981లో ఒక గ్రంథముగా ప్రకటించిరి. చెట్టును ప్రేమించువారు ఈ సంగతిని దాచిపెట్టరాదు. దాచినచో వారి తక్కిన మాటలును విశ్వాసపాత్రములు కాకపోవును.

అయితే అక్కడి యింజనీర్లు దీనితోపాటు మఱియొక సంగతిని గూడ గ్రహించిరి. అది మన గృహస్థులలో నూటికొక్కనికైన తెలిసినట్లు తోపదు. చెట్టును కొట్టివేసిన పిదప నేల మరల తడియగును. అనేక సంవత్సరములుగా చెట్టు పొడిగా నుంచిన బంకనేల ఆ తడిని త్రాగి ఉబ్బును; ఉబ్బి పునాదిని పైకి ఎత్తును. ఈ ఉబ్బు ఒక్కనాటిది కాదు, కొన్నియేండ్లపాటు సాగును. క్రుంగుట వలన కలిగిన బీటకంటె ఎత్తుట వలన కలుగు బీట మాన్పుటకు కష్టమైనది. అనగా రేగడిపై చెట్టును కొట్టుట ఇంటిని రక్షించుటకు బదులు ఇంటిని పగులగొట్టుటయు కావచ్చును.

చెట్టు ముందా విత్తు ముందా యని మనవారు వాదించుట గలదు. గృహస్థుడు అడుగవలసిన ప్రశ్న వేఱు: చెట్టు ముందా, ఇల్లు ముందా? ఇల్లు ముందు కట్టబడి చెట్టు తరువాత పెరిగినదైనచో, చెట్టు పోయిన పిదప నేల తన పూర్వస్థితికి వచ్చును, ప్రమాదము తక్కువ. చెట్టు ముందుండి, అది పొడిచేసిన నేలపై తరువాత ఇల్లు కట్టినచో, చెట్టును తీసిన నాటినుండి నేల ఇంటికింద ఉబ్బనారంభించును; ప్రమాదమెక్కువ. ఊరు పెరిగి పొలములలోనికి విస్తరించిన మన పట్టణములలో ఈ రెండవ రీతి ఇండ్లు తక్కువ కావు. పాతచెట్టు నీడ బాగున్నదని దానిప్రక్కనే స్థలము కొని ఇల్లు కట్టుకొన్నవారు, పదియేండ్లకు ఆ చెట్టునే కొట్టించినపుడు ఏమగునో ముందుగ నెఱుగుట మంచిది.

ఇక బీట యెవ్వరి వలన కలిగినదో తెలిసికొనుట ఎట్లు? ఇందుకు మహావిద్య అక్కఱలేదు. బీట చివరను సీసపుకడ్డీతో గీతగీసి తేది వ్రాయవలెను. వెడల్పును కొలిచి వేసవి నడుమ నొకసారి, వానలు తీరిన పిదప నొకసారి పుస్తకమున వ్రాసికొనవలెను. ఒక సంవత్సరము గడచునప్పటికి బీట ఋతువును బట్టి తెఱచి మూయుచున్నదో, ఏకముగా పెరుగుచున్నదో తేలును. చెట్టుకు దూరపు గోడలును అట్లే చేయుచున్నచో చెట్టు నేరస్థుడు కాదు. స్నానపుగది నీరు, మురుగుగొట్టపు కారుడు, ఇంటికప్పునుండి జారి పునాదిచెంతనే నిలుచు వాననీరు, వీనిని గూడ శోధింపవలెను. గట్టి గోడను వేరు త్రొలిచికొని పోవుట అరుదు. పగిలిన గొట్టము కారుచున్నచో ఆ తడిని వెదకికొని వేరు లోనికి పోవుట సామాన్యము. అప్పుడు బాగుచేయవలసినది గొట్టమును.

రెండవ నేరము చెట్టు పడునను భయము. ఈ భయమును మేము పరిహసింపము. చైత్ర వైశాఖములలో ఈ సీమకు వచ్చు గాలివానలు రేకులను ఎగురగొట్టును, కొమ్మలను విఱుచును. క్రింద నిద్రించు బిడ్డ గల యింటివానికి భయము సహజము. కాని చెట్టు పెద్దది యగుటయే ప్రమాదము కాదు. చూడవలసినవి మూడు: పడు అవకాశమెంత, పడినచో దేనిపై పడును, అప్పటి నష్టమెంత. మొదలు చుట్టు నేల క్రొత్తగా పగిలి ఒకవైపు లేచినదా? ఇన్నాళ్లు నిటారుగా నున్న మాను ఈ యేడు వంగినదా? మొదట పుట్టగొడుగుల వంటి బూజు మొలిచినదా? రెండు పెద్దకొమ్మలు కలిసిన పంగలో నిలువుచీలిక కలదా? ఇవి నిజమైన హెచ్చరికలు. చిన్ననాటినుండియు వెలుతురు దిక్కునకు వంగి, దానికి తగినట్లు వేళ్లు పాతుకొన్న మాను భయకారణము కాదు. తురాయి వంటి పెళుసుకొమ్మల జాతికిని, వేప చింతల వంటి గట్టి జాతులకును భేదముండుట గూడ గమనింపదగినది.

ఇచ్చట నొక విడ్డూరము కలదు. పడు చెట్లలో పెక్కింటిని బలహీనపఱచినది మనమే. మురుగుకాలువకనియు, తీగెలకనియు, సిమెంటు బాటకనియు మొదటి ప్రక్కనే కందకము త్రవ్వి ఒకవైపు వేళ్లనన్నిటిని నఱకుదుము. మొదలు చుట్టు ఊపిరాడకుండ కాంక్రీటు పోయుదుము. ఢిల్లీలో చెట్ల మొదళ్లకు ఒక మీటరు లోపలనున్న కాంక్రీటును తొలగింపుడని జాతీయ హరిత ట్రిబ్యునలు 2013లో ఉత్తరువు చేయవలసివచ్చినదనిన, ఈ జాడ్యము ఎంత వ్యాపించినదో తెలియును. వేళ్లలో నధికభాగము నేల పైపొరలోనే, మీటరు లోతు లోపల, కొమ్మల నీడకు వెలుపలి వఱకును ప్రాకియుండును. వానిని తెగగొట్టి, పిదప చెట్టు నిలువలేకున్నదని నిందించుట, కాలు విఱుగగొట్టి నడువలేడని దండించుట వంటిది.

భయము నిజమైనపుడు సైతము గొడ్డలియే ఏకైక మార్గము కాదు. ఇంటివైపు బరువుకొమ్మను తగ్గింపవచ్చును. ఎండుకొమ్మలను వానాకాలమునకు ముందే తీసివేయవచ్చును. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతను మనము బిడ్డల పెంపకమునకే వాడుచున్నాము. అది పుట్టినచోట గూడ నిజమే. మొదటి అయిదారేండ్లలో పంగలను సరిచేసి ఒక్క మానుగా పెంచిన చెట్టు తరువాత ఇంటివానిని భయపెట్టదు. కాని మన యూళ్లలో కొమ్మలు తీయుటయనిన తల నఱకుటయే యగుచున్నది. అమెరికాదేశపు వృక్షరోగ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలకొలది మానులను చీల్చి పరీక్షించి, చెట్టు మనవలె గాయమును మాన్చుకొనదనియు, గాయపడిన భాగమును లోపలనే వేఱుచేసి మూసివేయుననియు చూపెను. కొమ్మ మొదటనున్న ఉబ్బెత్తును చెడగొట్టక దాని అంచున కోసినచో ఆ మూత సులభముగా పడును. నడికొమ్మను మొండిగా నఱకినచో మూతపడదు. కుళ్లు లోనికి దిగును. ఆ మొండెమునుండి వచ్చు క్రొత్తకొమ్మలు పట్టులేక మొదటి గాలికే విఱుగును. తల నఱికిన చెట్టు కొన్నియేండ్లకు మునుపటికంటె అపాయకరమగును. అప్పుడు కొట్టింపుమనుటకు నిజమైన కారణము దొరకును.

మూడవదియైన వాస్తుదోషమును మేము గ్రంథాధారముననే విమర్శింతుము. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుని బృహత్సంహిత వాస్తువిద్యకు ప్రమాణముగా ఎన్నబడుచున్నది. ఇంటిచెంత ముండ్లచెట్లు శత్రుభయమును, పాలచెట్లు ధననాశమును, పండ్లచెట్లు సంతాననష్టమును కలిగించునని అందున్నమాట నిజము. వాస్తుపండితులు ఇంతవఱకు చెప్పి ఆగుదురు. కాని ఆ గ్రంథము ఆగదు. ఆ చెట్లను కొట్టనిచో నడుమ పొన్న, అశోకము, పొగడ, పనస, జమ్మి మున్నగు శుభవృక్షములను నాటవలెనని దాని తరువాతి మాట. అనగా కొట్టక విడుచుటకు మార్గమును శాస్త్రకర్తయే చూపినాడు. పై నిషేధిత వృక్షముల కలపను సైతము విడువవలెనని ఆయన చెప్పుచుండగా, కొట్టించిన మానుతోనే ద్వారబంధము చేయించుకొనువారు ఏ శాస్త్రమును పాటించుచున్నారో మాకు బోధపడదు.

ఇంకను పరికింతము. శుభమని చెప్పబడిన పనస పండ్లచెట్టు, పాలచెట్టు గూడ. జమ్మికి ముండ్లు కలవు. ఒక వాక్యమున నిషేధించిన లక్షణములు గల చెట్లనే తరువాతి వాక్యమున శుభములని చెప్పిన గ్రంథకర్త తన నియమమును అక్షరశః అన్వయింపుమని కోరియుండడు. పైగా తెలంగాణ ప్రభుత్వము 2014లో రాష్ట్రవృక్షముగా ఎన్నుకొన్నది ఆ ముండ్ల జమ్మినే. దసరానాడు మన మందఱము పూజించునదియు దానినే. అదియునుగాక బృహత్సంహితలోనే చెట్ల రోగములకు చికిత్స చెప్పు వృక్షాయుర్వేదాధ్యాయము కలదు. విగ్రహము కొఱకు అడవిచెట్టును తీయవలసినపుడు ముందురాత్రి దానిని పూజించి, అందు నివసించు భూతములను వేఱొకచోటికి పొమ్మని వేడుకొను విధి కలదు. ఆ నమ్మకమును చదువరులు అంగీకరింపనక్కఱలేదు. చెట్టును తీయుట చిన్నపని కాదనియు, ఒక రాత్రియైన ఆగవలెననియు దాని భావము. గ్రంథమునుండి కొట్టుటకు పనికివచ్చు సగమును గ్రహించి, ఆపునట్టి సగమును విడుచుట పాండిత్యమనిపించుకొనదు.

నాలుగవది చెత్త, చోటు. ఇది చిల్లర నేరముగా గన్పట్టినను, నిజముగా చెట్లను కూల్చునది తఱచు ఇదియే. తక్కిన మూడును దీనికి మర్యాదగల ముసుగులు. ఇచ్చట ప్రశ్న యేమనగా, తీర్పు చెప్పువారెవరు? రాలిన ఆకులను ఊడ్చుచేతులు ఇల్లాలివి, లేక పనికత్తెవి. కొట్టింపుమని చెప్పునోరు యజమానిది. మధ్యాహ్నపు టెండలో ఇంట నుండునది స్త్రీలు, వృద్ధులు, పసిపిల్లలు. ఆ సమయమున యజమాని పంకా క్రింద కచ్చేరిలో నుండును. నీడను అనుభవించువారిని అడుగక నీడను తీసివేయుట మన గృహములలో ఇంకను సాగుచున్న పెత్తనములలో నొకటి. ఊడ్చి ఊడ్చి విసిగిన ఇల్లాలు తానే కొట్టింపుమన్నచో ఆ మాటకును విలువ యుండవలెను. కాని అప్పుడు మొదట మార్పవలసినది ఊడ్చు పనిని పంచుకొను రీతిని. ఆ పిదప ఆమె యేమనునో వినవలెను.

నీడ హద్దుగోడతో నాగదు. నిజామాబాదు జిల్లాలో బీడీలు చుట్టి జీవించు స్త్రీలు వేలకొలదిగ నున్నారు. వెయ్యి బీడీలకింత యని వారికి కూలి. రేకుల యింటిలో మధ్యాహ్నమున కూర్చుండుట దుస్సహము; వాకిట చెట్టు నీడన చేటను ఒడిలో బెట్టుకొని తునికాకు కత్తిరించి చుట్టుటయే వారికి అనువైన పని. ప్రక్కయింటి వేప వారి కార్మికశాల. దానిని కొట్టించిన గృహస్థుడు తన వాకిలిని శుభ్రము చేసికొన్నాననుకొనును. ఆ స్త్రీ ఒక పూట పనిని పోగొట్టుకొనును. ఈ నష్టమును లెక్కకట్టు పుస్తకము ఆయన యొద్ద లేదు. అట్లే, మోకు లేక, నడుముకు త్రాడు లేక, విద్యుత్తీగెల నడుమ మాను నెక్కి కొమ్మలు నఱకు కూలివాని ప్రాణము గూడ ఆయన లెక్కలో లేదు. ఇల్లు భద్రముగా నుండుటకని చేయించు పనిలో మఱియొకని భద్రత పోవుచున్నదా యని అడుగని భద్రత సంస్కారము కాదు.

చట్టమేమి చెప్పుచున్నది? జనులు వాల్టా యని వ్యవహరించు నీరు, భూమి, వృక్షముల చట్టము 2002లో వచ్చినది. సొంత స్థలములోని చెట్టునైనను కొట్టుటకు ముందు అధికారి అనుమతి పొందవలెనను నియమమును అది పెట్టినది. కొట్టినందుకు బదులుగా మొక్కలు నాటించు విధిని గూడ చేర్చినది. ఇది మంచి చట్టమే. కాని అనుమతి వేఱు, ఔచిత్యము వేఱు. కాగితము లభించినంత మాత్రమున పని యుక్తమైనది కాదు. కాగితమే అడుగక సెలవునాడు పని ముగించువారిని గూర్చి చెప్పనేల. 2025 ఏప్రిలులో హైదరాబాదు విశ్వవిద్యాలయము చెంతనున్న కంచ గచ్చిబౌలి భూములలో చెట్ల నఱకును సుప్రీంకోర్టు నిలిపినపుడు చదువుకొన్నవారనేకులు హర్షించిరి. నాలుగువందల యెకరముల విషయమున ప్రభుత్వమును ప్రశ్నించిన ఆ ధర్మబుద్ధి నాలుగుగజముల పెరటిలో నిద్రించినచో అది బుద్ధి కాదు, వినోదము.

బదులు మొక్కల వాదమును గూడ పరీక్షింపవలెను. తెలంగాణమున 2015 జూలైలో హరితహారము మొదలైన పిదప మొక్కలను సంఖ్యతో లెక్కించుట మనకలవాటైనది. నాటుట మిక్కిలి మంచిపని. కాని ఒక చెట్టును కొట్టి రెండు మొక్కలు నాటితిమి గనుక లాభమే కలిగినదనుట కూడిక రాని లెక్క. నలువది ఏండ్ల వేప నేడిచ్చు నీడను మోకాలెత్తు మొక్క యీయవలెనన్న, మొదట అది బ్రదుకవలెను. పిదప దానికి నలువది ఏండ్లు కావలెను. నాటినవాని మనుమడు ఆ నీడన కూర్చుండును. ఈ వేసవిలో ఉక్కకు తాళలేని ముసలితల్లి కూర్చుండజాలదు. క్రొత్తది పెరిగి పెద్దదైన పిదప పాతదానిని తీయుదమను గృహస్థుని మాట వివేకము; ముందు కొట్టి తరువాత నాటుదమనువాని మాట వాయిదా.

ఇంతవఱకు కొట్టువారిని విమర్శించితిమి. కాపాడుచున్నామను వారికిని తప్పులు కలవు. రావిమొక్క గోడసందున మొలిచినపుడు దేవతావృక్షమని చేయిపెట్టక, అది గోడను చీల్చువఱకు ఊరకుండువారు ఇంటికిని చెట్టుకును గూడ ద్రోహము చేయుచున్నారు. వ్రేలెడంత యున్నప్పుడే దానిని వేరుతో తీసి చెఱువుగట్టున నాటుట ఉభయతారకము. భక్తితో మొదలు చుట్టు సిమెంటు గద్దె కట్టించుట పూజ కాదు, ఉరి. మేకులుకొట్టి ప్రకటనపలకలు తగిలించుటను చూచియు మాటలాడని వృక్షప్రేమ ప్రేమ కాదు. మొదలు కుళ్లి, ఒకవైపు వేళ్లు పోయి, బిడ్డలు పండుకొను గదిపైకి వాలుచున్న మానును, బరువు తగ్గించు మార్గము గూడ లేదని తెలిసినవాడు చెప్పిన పిదప, ఉంచుమనుట దయ కాదు. అట్టి చెట్టును తీయవలసినదే. మేమును అట్లే చెప్పుదుము. అయితే అది ఆరోగ్యముగల చెట్టు కాదు. మా విచారణ ఆరోగ్యము గలదానిని గూర్చి.

ఆరోగ్యమును నిర్ణయించుటలో గూడ తొందర తగదు. 2021లో తెలంగాణమంతట వేపచెట్లు చివుళ్లనుండి మాడి, నిప్పు తగిలినట్లు ఎండిపోయెను. శిలీంధ్రము వలన కలుగు కొమ్మ ఎండు తెగులు, దానితోడి పురుగు ఇందుకు కారణములని శాస్త్రజ్ఞులు చెప్పిరి. వేప చచ్చినదని జనులు బెదరిరి. తెగులు సోకిన చెట్లలో పెక్కులు తరువాత మరల చిగిర్చెను. ఎండినదని ఆ నెలలలోనే కొట్టించినవారు బ్రదుకనున్నదానిని కొట్టించినవారైరి. మహబూబునగరపు పిల్లలమఱ్ఱికి చెదలు పట్టినపుడు 2018లో సెలైను సీసాలతో చుక్కచుక్కగా మందెక్కించి దానిని నిలిపిరి. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత; పెరటిచెట్టునకు వైద్యము పనికివచ్చునని మాత్రము మనము మఱవరాదు.

ఇక మా నిర్ణయమును చెప్పుచున్నాము. పచ్చని చెట్టును కొట్టవలెననువానిపై ఋజువు చేయు భారముండవలెను. చెట్టు తన నిర్దోషిత్వమును ఋజువు చేసికొననక్కఱలేదు. ఒక సంవత్సరము బీటను కొలువవలెను. చెట్టు ముందో ఇల్లు ముందో కనుగొనవలెను. నేల రేగడియైనచో కట్టడపు పని తెలిసిన యింజనీరును అడుగక మాను ముట్టరాదు. గొట్టములను, వాననీటి దారిని ముందు బాగుచేయవలెను. కొమ్మ తీయుటతో పోవు భయమునకు మానును బలియీయరాదు. నీడన నుండువారినందఱిని, ఇంటి స్త్రీలను, ప్రక్కవారిని గూడ, అడుగవలెను. ఇవన్నియు చేసిన పిదపను తీయవలసియేవచ్చినచో అనుమతిని పొంది, కూలివానికి త్రాడును రక్షణను కల్పించి, తగిన దూరమున మఱియొకదానిని నాటి, దాని మొదటి మూడు వేసవుల నీటికి ఇంటిలో నొకరు పూచీపడవలెను.

బోధనువారికి ఈ తొందరను గూర్చి మేము వేఱుగా చెప్పవలసిన పనిలేదు. ఆసియాఖండముననే పెద్దదని పేరుపొందిన వారి చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. మరల తెఱచుటను గూర్చిన మాటలు నాటినుండి వినబడుచునే యున్నవి. ఏండ్లతరబడి నిర్మించినదానిని మూయుటకు ఒక్కదినము చాలుననియు, తెఱచుటకు తరముకూడ చాలకపోవచ్చుననియు ఆ పట్టణమునకు తెలిసినంత మఱి యే పట్టణమునకు తెలియును? కర్మాగారమునకైన తాళపుచెవి యుండును. రాబోవు వేసవిలో గొడ్డలిని పిలిపింపదలచిన గృహస్థుడు ఒక మధ్యాహ్నము కచ్చేరికి పోక, రెండుగంటల వేళ ఆ చెట్టు క్రింద కొంతసేపును, దాని నీడ దాటి అంతేసేపును కూర్చుండి, పిదప ఇంటివారితో మాటలాడవలెనని మా మనవి.